పన్నెండో రోజు మాత్ర

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ శుక్రవారం అందింది. గుణుపూర్ స్టేషన్లో రైలెక్కిన తండ్రి మెడ చుట్టూ కండువా పదేపదే సర్దుకోవడం బాగా రాశావు. చివరి పేజీకి వచ్చేసరికి మాత్రం కాగితాలు పక్కన పడేసి మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి వెళ్లిపోయాను. "విధి ఆడిన ఆటలో నాన్న ఓడిపోయాడు" అన్నావు. మూడు వారాల కిందట విశాఖలో పూడుకుపోయిన మెడ రక్తనాళానికి స్టెంట్ వేయించుకుని, తన కాళ్ల మీద తాను ఇంటికొచ్చిన మనిషి ఓ పొద్దున పక్షవాతంతో ఎందుకు కూలిపోయాడు? దానికి కారణం ఉంటుంది తల్లీ. అది నీ కథలో లేదు.

"రక్తం పలచబడే మాత్రలు ఇచ్చారు" అని ఒక్క ముక్కలో దాటేశావు. నీ కథంతా అక్కడే ఉంది. ముందుగా, ఆ మాత్రలు రక్తాన్ని పలచన చెయ్యవు. డెంగీ రోజుల్లో అందరి నోటా నానిన ప్లేట్‌లెట్లు ఉన్నాయే, అవి ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తాయి. స్టెంట్ అంటే లోహపు వల. ఒంటికి అది పరాయి వస్తువు. గాయం అనుకుని ప్లేట్‌లెట్లు దాని మీదికి ఎగబడతాయి, గడ్డ కడతాయి. మెడలో కట్టిన గడ్డ ఊడితే పోయేది నేరుగా మెదడుకే. రక్తనాళపు లోపలి పొర పెరిగి ఆ వలని కప్పేసేదాకా ప్రమాదం తప్పదు. అందుకే రెండు మాత్రలు: ప్లేట్‌లెట్లు అంటుకునే దారుల్లో ఆస్పిరిన్ ఒక దారి మూస్తుంది, క్లోపిడోగ్రెల్ ఇంకో దారి మూస్తుంది. స్టెంట్‌కి కొన్ని రోజుల ముందే మొదలుపెడతారు. వ్యవధి లేకపోతే క్లోపిడోగ్రెల్ 300 గానీ 600 గానీ మిల్లీగ్రాములు ఒక్కసారే మింగిస్తారు. రోజువారీ 75 మిల్లీగ్రాముల మాత్రలైతే నాలుగో ఎనిమిదో అరచేతిలో పోస్తారన్నమాట. ఆ అరచెయ్యి నీ కథలో ఎక్కడా కనపడలేదు.

"మెడ కోసి స్టెంట్ పెట్టారు" అని కూడా రాశావు. మెడ కోసి పూడిక తీసేది వేరే ఆపరేషన్. స్టెంట్‌కి సాధారణంగా గజ్జ దగ్గర సూది గుచ్చి, అక్కణ్ణుంచి సన్నటి గొట్టం మెడదాకా తీసుకెళ్తారు. చాలామందికి పూర్తి మత్తు ఇవ్వరు. మనిషి మెలకువగా ఉంటాడు. "పేరు చెప్పండి, పిడికిలి బిగించండి" అని మధ్యమధ్య అడుగుతుంటారు, మాటా చెయ్యీ ఆడుతున్నాయో లేదో చూసుకోడానికి. గొట్టాలు లోపలున్నంతసేపూ గడ్డ కట్టకుండా హెపారిన్ అనే మందు నరంలోకి ఎక్కిస్తారు. కాస్త రక్తం తీసి, గడ్డ కట్టడానికి ఎన్ని సెకండ్లు పడుతోందో అక్కడికక్కడే చూస్తారు, 250 దాటాలి. పూడిక దగ్గర నాళాన్ని వెడల్పు చేసే బుడగ ఊదేముందు రక్తనాళంలో పైవైపున గొడుగులాంటి చిన్న జల్లెడ తెరుస్తారు, రాలిన ముక్క మెదడుకు పోకుండా. హెపారిన్ పని కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత కాపలా అంతా ఆ రెండు మాత్రలదే. కనీసం నెలరోజులు రెండూ, ఆపైన సాధారణంగా ఒకటి జీవితాంతం.

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మా అన్నయ్యకి ఎడమవైపు మెడలో స్టెంట్ వేశారు. పన్నెండో రోజున దవడ పన్ను పోటు మొదలైంది. పన్ను పీకేచోట, రక్తం ఆగదు, రెండు మాత్రలూ వారం ఆపమన్నారు. ఆపేశాం. స్టెంట్ వేసిన డాక్టరుకి ఒక్క ఫోన్ చేద్దామని ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాక్కూడా తోచలేదు. ఆరో రోజు పొద్దున వదిన కాఫీ గ్లాసు అందించింది. అన్నయ్య కుడిచేత్తో పట్టుకున్నాడు, గ్లాసు జారిపోయింది. కింద కాఫీ వైపు చూశాడు, వదిన వైపు చూశాడు, నోరు తెరిచాడు. మాట రాలేదు. కారేసుకుని విశాఖ వెళ్తే, స్టెంట్‌లో గడ్డ కట్టిందన్నారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. నన్ను పేరుతో పిలవలేకపోయాడు.

దాన్ని కథ రాసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు పన్నూ మాత్రలూ మొత్తం కొట్టేశారు. "పాఠకుడికి మందుల చీటీ ఎందుకండీ" అని జాబు రాశారు. అచ్చులో మా అన్నయ్య విధివశాన పడిపోయాడు. ఆ మాట చూసి నేను మూడేళ్లు కథ ముట్టుకోలేదు. మందుల చీటీ ఉంచి ఉంటే, చదివినవాళ్లలో ఒక్క ఇంట్లోనైనా మాత్ర ఆపేముందు డాక్టర్ని అడిగేవారు. ఇప్పటికీ నాకు ఆ కోపం తగ్గలేదు. నీ కథలో అదే "విధి" కనపడేసరికి ఒళ్లు మండింది. ఇప్పుడు నాలుగు యాసమాటలు చల్లి, చివర ఒకరిని చంపేస్తే ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కథ అయిపోతోంది. మన ఊళ్లోనే ఉండి గిడుగు రామమూర్తి గారు వాడుకభాష కోసం పోరాడారు, సవర గిరిజనుల నోటిమాటలు ఒక్కొక్కటే రాసుకుని నిఘంటువు కూర్చారు. మనం ఒక మాత్ర పేరు సరిగ్గా రాయలేమా?

నీ కథలో తండ్రికి కడుపుమంట ఉందనీ, కొట్లో గ్యాస్ మాత్ర కొనుక్కుని వేసుకుంటాడనీ రెండో పేజీలో రాశావు. రాసి మర్చిపోయావు. అందులో ఉన్నది ఒమెప్రజోల్ అయితే క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. క్లోపిడోగ్రెల్‌ని కాలేయం మార్చితేనే అది మందవుతుంది, ఆ మార్పుకి ఒమెప్రజోల్ అడ్డం పడుతుంది. అందుకే చాలామంది డాక్టర్లు దాని బదులు పాంటోప్రజోల్ రాస్తారు. విశాఖ డాక్టరు ఏం మందులు వాడుతున్నారని అడిగి ఉంటాడు. గ్యాస్ మాత్రని నాన్న మందుగా లెక్కేసి ఉండడు, చెప్పి ఉండడు. డాక్టరు చీటీ రాశాడు, తెలుగులో చెప్పాడు, కొట్టువాడు ఒడియాలో ఇంకేదో చెప్పాడు. నీ సరిహద్దు ఇక్కడుంది. యాసలో వెతక్కు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోనా అని అడిగావు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

మా వదిన సొరుగులో అన్నయ్య మాత్రల షీటు ఇంకా ఉంది. పన్నెండో రోజు దాకా గూళ్లు ఖాళీ, ఆ పక్కనుంచి మాత్రలు అలాగే ఉన్నాయి. ఎవరూ పారెయ్యలేదు. నీ కథలో నాన్న షీటు ఎక్కడుందో, అందులో ఎన్ని మిగిలాయో కనుక్కుని, మళ్లీ మొదటి పేజీ నుంచి రాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు