బొమ్మల కథల అభిమానులకు: ఇండీ, డిజిటల్ కామిక్స్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సొంతంగా కామిక్స్ వేసేవాళ్ల గురించి, ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చదివే కామిక్స్ గురించే ఉన్నాయి. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి ఉంచి, వీటికే తీరిగ్గా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సూపర్‌హీరోలు లేని కామిక్స్‌నే ఇండీ కామిక్స్ అంటారనుకునేదాన్ని. మొన్న ఒక స్నేహితురాలు సూపర్‌హీరో ఉన్న పుస్తకమే చూపించి ఇదీ ఇండీయే అంది. అసలు తేడా ఎక్కడుంది?

మీ స్నేహితురాలు సరిగ్గానే చెప్పారండీ. కథలో ఎవరున్నారు, పుస్తకం రంగుల్లో ఉందా నలుపు తెలుపా, ఎంతమంది చదువుతున్నారు, ఇవేవీ లెక్కలోకి రావు. ఆ పాత్ర ఎవరి సొత్తు? రేపు కథని ఆపేయాలన్నా, ఇంకొకరి చేత రాయించాలన్నా, సినిమాకి ఇవ్వాలన్నా సంతకం పెట్టాల్సింది ఎవరు? అది చూడండి చాలు, పుట్టించినవాళ్లదే అయితే అది ఇండీ. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో ఆ పాత్ర మీద హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు, తర్వాత వాటి కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. సొంతంగా వేసుకోవాలనే పట్టుదల కామిక్స్ వాళ్లలో ఎందుకంత గట్టిగా ఉంటుందో ఈ ఒక్క సంగతితో తెలిసిపోతుంది.

1992లో మంచి పేరున్న ఏడుగురు ఆర్టిస్టులు ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. వాళ్లు మొదట్లో వేసినవి ఎక్కువగా సూపర్‌హీరో కథలే, కాకపోతే ఎవరి పాత్ర వాళ్లదే. అంతకు ఏడాది ముందు జెఫ్ స్మిత్ అనే ఆయన 'బోన్' అనే కామిక్‌ని సొంతంగా అచ్చువేయడం మొదలుపెట్టి 2004లో 55వ సంచికతో కథ ముగించాడు. ముగించాడు అన్నది గమనించండి. కంపెనీ చేతిలో ఉన్న పాత్రకి ముగింపు రావడం చాలా అరుదు, ఎందుకంటే అది అమ్ముడుపోయినంత కాలం ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఇండీ కామిక్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, మొదలుపెట్టిన మనిషే కథని చివరిదాకా చెప్పగలగడం.

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఒక యాప్‌లో డిజిటల్ కామిక్స్ కొంటున్నాను. ఇప్పుడు ఆ యాప్ తీసేసి నా పుస్తకాలన్నీ ఇంకో యాప్‌లోకి మార్చారు. వరుస మొత్తం చెదిరిపోయింది, కొన్ని కనిపించడమే లేదు. డబ్బు పెట్టి కొన్నవి నావి కావా?

బాధగా ఉన్నా ఉన్నమాట చెప్పాలి, చాలావరకు మీవి కావు. 'కొనండి' అని బటన్ మీద రాసి ఉన్నా, షరతులు తెరిచి చదివితే మీరు డబ్బు కట్టింది ఆ యాప్‌లో చదువుకోవడానికి అనుమతి కోసమే అని ఉంటుంది. ఫైల్‌కి డీఆర్‌ఎం అనే, కాపీ చేసుకోనివ్వని తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. యాప్ లోపల 'డౌన్‌లోడ్' నొక్కినా వచ్చేది ఆ యాప్ మాత్రమే తెరవగల ఫైలే. కంపెనీ మనసు మార్చుకున్నా, ఇంకొకరు కొనేసినా, సర్వర్ ఆపేసినా మీ అలమారా వాళ్ల ఇష్టప్రకారం మారిపోతుంది.

ముందు చేయాల్సిన పని, మీ పాత రసీదులన్నీ ఈమెయిల్‌లో వెతికి ఒకచోట పెట్టుకోండి. కనిపించని పుస్తకాల పేర్లు రాసి, రసీదులు జతచేసి కస్టమర్ కేర్‌కి పంపండి. చాలాసార్లు పుస్తకం పోయి ఉండదు, పేరో సిరీస్ వరుసో తప్పుగా నమోదై వెతికితే దొరకకుండా ఉంటుంది.

ఇక ముందు కొనేవాటి సంగతి. కొనే ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఫైల్ నా చేతికి వస్తుందా రాదా? పీడీఎఫ్ అన్నా, సీబీజెడ్ అన్నా, తాళం లేకుండా ఇస్తే అది మీదే. సీబీజెడ్ అంటే అదేదో పెద్ద టెక్నాలజీ అనుకుని భయపడేవాళ్లని చాలామందిని చూశాను. ఆ ఫైల్ పేరు చివర ఉన్న సీబీజెడ్ తీసేసి జిప్ అని మార్చి తెరవండి, లోపల 001, 002, 003 అని వరుసగా పేజీల బొమ్మలు కనిపిస్తాయి, అంతే! కామిక్స్ యాప్ అనేదే లేకపోయినా, ఇరవయ్యేళ్ల తర్వాత ఏ కంప్యూటర్‌లోనైనా ఆ బొమ్మలు తెరుచుకుంటాయి. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఇంకో కాపీ విడిగా ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే ఇక టెన్షన్ ఉండదు.

ఇలా ఇచ్చేవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు. 2013లో రచయిత బ్రయన్ కె. వాన్, ఆర్టిస్ట్ మార్కోస్ మార్టిన్ కలిసి ప్యానెల్ సిండికేట్ అని ఒక సైట్ పెట్టి 'ది ప్రైవేట్ ఐ' అనే కథని అందులో విడుదల చేశారు. పాఠకులు ఎంత ఇవ్వాలనుకుంటే అంత ఇవ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోయినా తీసుకోవచ్చు, ఫైల్‌కి తాళం లేదు. అందరూ ఉచితంగా తీసుకుని పోతారని భయపడకుండా పది భాగాలూ పూర్తిచేశారు, 2015లో దానికి కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు కూడా వచ్చింది. పాఠకుణ్ణి నమ్మి చేతికి ఫైల్ ఇచ్చే ఇలాంటివాళ్ల దగ్గర కొనడానికే నేను ముందు మొగ్గుతాను. ఉచితంగా వచ్చే వెబ్ కామిక్స్ కూడా శాశ్వతం కావు. సైట్ పేరుకి డబ్బు కట్టడం మర్చిపోతే చాలు, పదేళ్ల పని ఒక్కరోజులో కనపడకుండా పోతుంది. మీకు ప్రాణప్రదమైన వెబ్ కామిక్ పుస్తకంగానో పీడీఎఫ్‌గానో వస్తే వెంటనే కొని దాచుకోండి, తర్వాత చూద్దాంలే అనుకోకండి.

ప్రశ్న: వేలితో కిందికి జరుపుకుంటూ చదివేవి అసలు కామిక్సేనా? మా అన్నయ్య వాటిని ఒప్పుకోడు. పేజీ ఉంటేనే కామిక్ అంటాడు.

మీ అన్నయ్యగారికి పేజీ మీద ఉన్న ప్రేమ నాకు అర్థమైంది, నాకూ అది ఉంది. కానీ ఒప్పుకోకపోవడం మాత్రం అన్యాయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అమ్మాయి చీకటి గదిలో తలుపు తీస్తోంది, లోపల ఎవరో ఉన్నారు. పేజీ మీద అయితే పక్క గడిలో ఎవరున్నారో కంటి చివర్న ముందే కనిపించేస్తుంది, అందుకే అనుభవం ఉన్న ఆర్టిస్ట్ తలుపు తీసే గడిని కుడిచేతి పేజీలో ఆఖరున పెట్టి, లోపలి మనిషిని పేజీ తిప్పాక చూపిస్తాడు. స్క్రోల్‌లో ఆ తిప్పలు లేవు. తలుపు గడి తర్వాత తెర మొత్తం ఖాళీ వదులుతారు, ఆ ఖాళీ తెలుపు నుంచి మెల్లగా బూడిదరంగులోకి, అక్కణ్ణుంచి నలుపులోకి పోతుంది, మధ్యలో ఎక్కడో ఒక చిన్న మాటల బుడగ ఒక్కటే వేలాడుతుంది, మీరు వేలితో జరుపుతూనే ఉంటారు, ఇంకా రాలేదే అనుకుంటారు, అప్పుడొస్తుంది ముఖం. ఎంతసేపు ఆగాలో ఇక్కడ ఖాళీయే చెబుతుంది. ఇది కామిక్స్ విద్య కాకపోతే మరేమిటి?

తెరని పేజీలా కాకుండా కిటికీలా చూడండి, దాని వెనక బొమ్మ ఎంత పొడుగైనా ఉండొచ్చు అని కామిక్స్ కళ మీద పుస్తకాలు రాసిన ఆర్టిస్ట్ స్కాట్ మెక్‌క్లౌడ్ 2000లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. కొరియాలో నేవర్ సంస్థ 2004లో వెబ్‌టూన్ మొదలుపెట్టింది, స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆ నిలువు పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఇంకో దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. 'ఎక్స్‌కేసీడీ' అనే వెబ్ కామిక్ వేసే రాండల్ మన్రో 2013లో 'టైమ్' అని ఒక కామిక్ పెట్టాడు, అందులో ఉండేది ఒకటే గడి, మొదట అరగంటకోసారి, తర్వాత గంటకోసారి ఆ బొమ్మ మారేది, అలా నెలల తరబడి 3,000కు పైగా బొమ్మలు. ఇసుక గూళ్లు కట్టుకునే ఇద్దరి కథ అది, పాఠకులు గంట గంటకీ వచ్చి చూసేవాళ్లు. దానికి 2014లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి ఇచ్చే హ్యూగో అవార్డు ఇచ్చారు. కాగితం మీద అది కుదిరే పనే కాదు.

మీ అన్నయ్యగారి మాటలో న్యాయం ఉన్న చోటు కూడా ఒకటి ఉంది. పేజీ కోసం గీసిన కామిక్‌ని ఫోన్‌లో గడి గడికీ పెద్దది చేసి చూపించే పద్ధతి ఉంది కదా, దానివల్ల పేజీ మొత్తాన్ని ఒక బొమ్మగా కూర్చిన శ్రమ పోతుంది. అలాంటివాటిని ట్యాబ్‌లో చదవండి, ముందు పేజీ అంతా ఒక్కసారి చూసి, ఆ తర్వాత గడుల్లోకి దిగండి.

ప్రశ్న: నేను రోజూ ఎదురుచూసే వెబ్ కామిక్ ఆగిపోయింది. 'కొన్నాళ్లు విరామం' అని పెట్టి ఊరుకున్నారు. అడిగితే తప్పా? డబ్బు పంపే స్థితిలో లేను, ఇంకేం చేయగలను?

ఎప్పుడొస్తుందని అడగకండి. మీలాగే అందరూ అడుగుతుంటారు, ఆ ఒక్క మాటే పదే పదే చూసి అసలు వదిలేసినవాళ్లు ఉన్నారు. మనం అర నిమిషంలో చదివేసే పేజీ వెనక కథ రాసుకోవడం, చిన్న చిత్తుబొమ్మ, పెన్సిల్, ఇంక్, రంగులు, మాటలు పేర్చడం ఇన్ని పనులుంటాయి, సొంతంగా వేసేవాళ్లలో చాలామందికి ఇవన్నీ ఒక్కరే చేసుకోవాలి, అదీ ఉద్యోగం నుంచి వచ్చాక. మణికట్టు నొప్పులు వీళ్లందరికీ బాగా పరిచయం.

అడగడానికి బదులు, మీకు గుర్తుండిపోయిన ఒక గడి గురించి రాయండి. 'సూపర్' అని కాదు. 'అమ్మ ఫోన్ పెట్టేశాక కూడా చేయి దాని మీదే ఉంచిన బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయాను' అని రాయండి. ఆ చేయిని మూడుసార్లు చెరిపి గీసి ఉంటారు, దాన్ని ఎవరూ చూడలేదనే అనుకుంటూ ఉంటారు. పెద్ద కంపెనీ కామిక్‌కి మీరు రాసే మాట ఎవరి దాకా వెళుతుందో తెలియదు. ఇక్కడ మాత్రం గీసిన మనిషే చదువుతారు. ఇండీ కామిక్స్ అభిమానికి దక్కే భాగ్యం అదే, బాధ్యత కూడా అదే.

ఇక డబ్బు లేకుండా చేయగలిగేవి. బొమ్మ కత్తిరించి పోస్ట్ చేయకండి, లింక్ పంపండి. సంతకం ఉన్న మూల తెగిపోయి వేలమంది చూసిన బొమ్మ వల్ల గీసినవాళ్లకి ఒక్క పాఠకుడు కూడా పెరగడు. వాళ్ల ఈమెయిల్ జాబితాలో చేరండి, సోషల్ మీడియా చూపించినప్పుడు చూద్దాంలే అనుకుంటే కొత్త భాగం వచ్చిన సంగతే మీకు తెలియకపోవచ్చు. పుస్తకంగా వస్తే మీకు దగ్గర్లో ఉన్న లైబ్రరీని తెప్పించమని అడగండి. ఒక కొత్త పాఠకుణ్ణి మొదటి భాగం దగ్గర కూర్చోబెట్టండి, మధ్యలో ఏదో బాగున్న భాగం చూపించి కాదు, మొదటి నుంచి.

రిచ్ బర్లూ 2003 నుంచి 'ది ఆర్డర్ ఆఫ్ ద స్టిక్' అనే కామిక్‌ని వెబ్‌లో ఉచితంగానే ఇస్తున్నాడు. ప్రతులు అయిపోయిన పుస్తకాల్ని మళ్లీ అచ్చువేయడానికి 2012లో జనం దగ్గర డబ్బు పోగుచేసుకునే కిక్‌స్టార్టర్ సైట్‌లో పాఠకుల్ని అడిగితే, దాదాపు 15 వేలమంది కలిసి 12.5 లక్షల డాలర్లు ఇచ్చారు. ఉచితంగా చదవగలిగే కథకే అంత ఇచ్చారు. అదే ఏడాది ఆయన చేతికి గట్టి గాయమై కామిక్ కొంతకాలం ఆగింది, పాఠకులు ఆగారు, కథ మళ్లీ మొదలైంది. ఇవాళ మీ దగ్గర డబ్బు లేకపోతే ఏమీ కాదు. ఉన్న రోజు గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రశ్న: దొరకని కామిక్స్‌ని స్కాన్ చేసి పెట్టే సైట్లలో చదువుతున్నాను. అభిమానంతో అనువాదాలు చేసేవాళ్లూ ఉన్నారు. తప్పంటారా?

సొంతంగా వేసుకునేవాళ్ల కామిక్స్ విషయంలో తప్పే. వాళ్లకి ఆ నెల గడిచేది ఆ కొద్ది అమ్మకాల మీదే. పైగా చాలామంది మొదటి భాగాలు ఉచితంగానే పెడతారు, నిజంగా దొరకనిదైతే నేరుగా రాసి అడగొచ్చు, జవాబిచ్చేవాళ్లు ఎక్కువే. అనువాదం చేయాలని ఉంటే ముందు అనుమతి అడగండి. ఎక్స్‌కేసీడీ లాంటివి పేరు చెప్పి, డబ్బు చేసుకోకుండా వాడుకోవచ్చని సైట్‌లోనే రాసిపెట్టారు. అలా రాయనివాటిని ముట్టుకోవద్దు.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. కథలు బోలెడున్నాయి కానీ బొమ్మలు అస్సలు రావు. కామిక్ వేయాలనే ఆశ వదులుకోవాలా?

వదులుకోవద్దు. హార్వే పీకార్ అని ఒకాయన క్లీవ్‌లాండ్‌లో ఒక ఆసుపత్రిలో ఫైళ్లు సర్దే గుమాస్తాగా పనిచేసేవాడు. బొమ్మలు రావు. గళ్లు గీసి, అందులో పుల్లల్లాంటి మనుషుల్ని వేసి, మాటలు రాసి ఆర్టిస్టులకి ఇచ్చేవాడు. 1976లో 'అమెరికన్ స్ప్లెండర్' పేరుతో తన రోజువారీ జీవితాన్నే కామిక్‌గా సొంత డబ్బుతో అచ్చువేశాడు, క్యూలో నిలబడ్డ కథలు, ఆఫీసులో మాట్లాడుకున్న మాటలు, అవే. పేరుమోసిన కార్టూనిస్ట్ రాబర్ట్ క్రంబ్ అంతటివాడు ఆయన కథలకి బొమ్మలు వేశాడు.

నువ్వూ అలాగే మొదలుపెట్టు. మూడొందల పేజీల మహాకథ ఇప్పుడొద్దు, నాలుగు పేజీల్లో అయిపోయే చిన్న కథ తీసుకో. పుల్లమనుషులతోనే వెయ్యి, కానీ ఎవరు ఎటు చూస్తున్నారో తెలియాలి. గడికి రెండు మాటల బుడగలు మించనివ్వకు, అక్షరాలు ఫోన్‌లో పెద్దది చేయకుండానే చదవగలిగేంత ఉండాలి, ఇది చాలామంది చివర్లో చూసుకుని మళ్లీ మొదటికొస్తారు. ప్రతి పేజీ మీద నీ పేరు, సంవత్సరం వెయ్యి. అయ్యాక కథ తెలియని ఒకరికి ఇచ్చి, పక్కన కూర్చుని ఏమీ వివరించకుండా చదవనివ్వు, ఎక్కడ వెనక్కి తిరిగి చూశారో ఆ గడిని మార్చు. నాలుగు పేజీలూ పూర్తయ్యాక మాకు పంపు, తప్పకుండా చదివి జవాబు రాస్తాను.