డెయిరీకి ఐస్‌క్రీమ్ యూనిట్ జోడించడానికి ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా నాన్నగారు 1996లో తెనాలి దగ్గర పాలకేంద్రం పెట్టారు. ఇప్పుడు రోజుకు 2,000 లీటర్ల పాలు తీసుకుని పాలు, పెరుగు అమ్ముతున్నాం. నాన్న, అన్నయ్య, నేను భాగస్వాములం. ఐస్‌క్రీమ్ యూనిట్‌కి పాలు వేడిచేసి శుద్ధిచేసే పాశ్చరైజర్ నుంచి ఐస్‌క్రీమ్‌ని గట్టిగా గడ్డకట్టించే హార్డెనింగ్ రూమ్ వరకు కలిపి 65 లక్షల కొటేషన్ వచ్చింది. నాన్న పేరున ఉన్న 30 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి, ఇల్లు తాకట్టు పెట్టి మిగతా 35 లక్షలు అప్పు తెద్దామనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: ఐస్‌క్రీమ్‌లోకి వెళ్లండి, కానీ ఇలా వద్దు. మీ కొటేషన్‌లో యంత్రాలే ఉన్నాయి. దుకాణాల్లో పెట్టాల్సిన డీప్‌ఫ్రీజర్లు లేవు, వేసవికి ముందే కొని పెట్టుకోవాల్సిన సరుకు లేదు. కొత్తగా ఐస్‌క్రీమ్ మొదలుపెట్టిన డెయిరీలకు ఊపిరాడనిది ఈ రెండిటి దగ్గరే.

పాల వ్యాపారంలో ప్యాకెట్ డబ్బు ఏ రోజుకారోజు వస్తుంది. రైతుకు బిల్లు పది పదిహేను రోజులకోసారి ఇస్తారు. అంటే మీ రోజువారీ పెట్టుబడిలో కొంత రైతులే పెడుతున్నారు. ఐస్‌క్రీమ్‌లో ఇది తిరగబడుతుంది. గేదెపాలు దండిగా ఉండేది అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. అమ్మకం ఉండేది మార్చి నుంచి జూన్ దాకా. సరిగ్గా అప్పుడే పాలు తగ్గి, సేకరణ ధర పెరుగుతుంది. కాబట్టి చలికాలంలోనే వెన్న, పాలపొడి నిల్వ చేయాలి. ఆ డబ్బు నాలుగైదు నెలలు కదలదు.

సరుకు లెక్క చూడండి. 10 శాతం వెన్న (కొవ్వు) ఉండే 100 కిలోల మిక్స్‌కి, అంటే గడ్డకట్టించక ముందు ఉండే మిశ్రమానికి, 6.5 శాతం వెన్న గల గేదెపాలు 65 కిలోలు, 40 శాతం వెన్న గల క్రీమ్ 15 కిలోలు, వెన్న తీసిన పాలపొడి నాలుగున్నర కిలోలు, పంచదార 15 కిలోలు, మిశ్రమం విడిపోకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్ పొడి 400 గ్రాములు పడతాయి. మిక్స్ పరిమాణంలో 90 శాతం గాలి కలిస్తే దాదాపు 170 లీటర్ల ఐస్‌క్రీమ్ వస్తుంది. గాలి ఇంకా ఎక్కిద్దామన్న ఆశ అందరికీ పుడుతుంది. కానీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణం ప్రకారం లీటరు ఐస్‌క్రీమ్ 525 గ్రాములకు తగ్గకూడదు, వెన్న 10 శాతానికి తగ్గకూడదు. పామాయిల్ కలిపితే దాన్ని ఐస్‌క్రీమ్ అని అమ్మకూడదు, ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. పాల డెయిరీగా మీకున్న పేరు వల్ల ఆ దారి మీకు నష్టం.

ఇక ఫ్రీజర్లు. ఒక్కోటి 25 వేలనుకున్నా 40 దుకాణాలకు 10 లక్షలు. కరెంటు బిల్లు భారమని దుకాణదారు రాత్రిపూట స్విచ్ ఆపేస్తాడు. సరుకు కొంచెం కరిగి మళ్లీ గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై నాలుకకు ఇసుకలా తగులుతాయి. ఆ కప్పు వెనక్కొస్తుంది, నష్టం మీది.

1970లో చెన్నై రాయపురంలో 13,000 రూపాయలతో ఐస్ క్యాండీలు మొదలుపెట్టిన ఆర్.జి. చంద్రమోగన్ పెద్ద బ్రాండ్లు పట్టించుకోని చిన్న పట్టణాల వైపు వెళ్లారు, అరుణ్ ఐస్‌క్రీమ్స్‌కి ప్రత్యేక పార్లర్లు పెట్టించారు. తన సరుకే అమ్మే పార్లర్‌లో ఫ్రీజర్ ఆపేస్తే నష్టపోయేది పార్లర్ యజమానే. హట్సన్‌గా ఎదిగిన ఆ సంస్థ పాలలోకి వచ్చింది 1990లలో, అంటే ఐస్‌క్రీమ్ అమ్మే దారి దొరికాక. మీది ఎదురు ప్రయాణం: పాలు ఉన్నాయి, అమ్మే దారే లేదు. ముందు దాన్ని వేసుకోవాలి.

అందుకే మొదటి వేసవికి మొత్తం యంత్రాల లైను కొనకండి. ఒక్కో విడతగా కొంచెం కొంచెం ఐస్‌క్రీమ్ చేసే చిన్న బ్యాచ్ ఫ్రీజరు, డీజిల్ జనరేటరు, పాలకేంద్రం ముందు సొంత పార్లరు, మీ పెరుగు ఇప్పటికే తీసుకునే 15 దుకాణాలు చాలు. ఒక్కో ఫ్రీజరు నెలకు ఎన్ని లీటర్లు అమ్ముతోందో రాసి పెట్టండి. పెద్ద రుణం గురించి ఆ పుస్తకం చూశాకే మాట్లాడదాం.

35 లక్షలు 11 శాతం వడ్డీకి ఏడేళ్లంటే వాయిదా నెలకు సుమారు 60 వేలు. మీరు నెలకు తీసుకునే పాలు 60 వేల లీటర్లు. జులై నుంచి ఫిబ్రవరి దాకా ఐస్‌క్రీమ్ అమ్మకం పడిపోయిన నెలల్లో ప్రతి లీటరు పాల లాభం నుంచి రూపాయి బ్యాంకుకు పోతుంది. లీటరుకు మీకు మిగిలేది ఎంతో నాకు తెలియదు, మీకు తెలుసు.

అప్పు తప్పనిసరైతే సంస్థ పేరున తీసుకోండి. చిన్న పరిశ్రమలకు తనఖా లేకుండా అప్పు దొరికేలా బ్యాంకుకు ఇచ్చే సీజీటీఎంఎస్ఈ హామీ గురించి బ్యాంకులో గట్టిగా అడగండి. మొదటి వాయిదా ఏప్రిల్‌లో పడేలా మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని గడువు) రాయించుకోండి. నాన్నగారి డిపాజిట్‌ని తీసేయొద్దు. దాన్ని హామీగా పెట్టి 10 లక్షలు మించకుండా ఓవర్‌డ్రాఫ్ట్ (కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) పెట్టుకుని, డిసెంబరులో వెన్న, పొడి కొని, జూన్‌కల్లా తీర్చేయండి. వాడిన రోజులకే వడ్డీ. మిగతా 20 లక్షలు ఆయన వృద్ధాప్యానివి, వ్యాపారానివి కావు.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీమ్ మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కానీ ఫ్రీజర్లు, కోల్డ్‌రూమ్ మీద 18 శాతం కట్టే కొంటారు. అవి 30 లక్షలవైతే పన్ను 5.4 లక్షలు. యంత్రాల మీద కట్టిన పన్నుకు రిఫండ్ ఇవ్వరు, అమ్మకాల పన్నులో సర్దుకోవాలి. ఐస్‌క్రీమ్ ఒక్కదానితోనే సర్దాలంటే 1.08 కోట్ల అమ్మకం కావాలి. ప్యాకెట్ పెరుగు పన్ను కొంత కలిసొస్తుంది. ఐస్‌క్రీమ్ తయారీదారుకు కాంపొజిషన్ పథకం (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే సులువు పద్ధతి) లేదని కూడా గుర్తుంచుకోండి.

చివరిగా భాగస్వామ్య పత్రం. భాగస్వామ్య సంస్థ అప్పుకు ముగ్గురి సొంత ఆస్తులూ బాధ్యతే. పత్రంలో వేరే రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. అహ్మదాబాద్‌లో 1907లో మొదలైన ఐస్‌క్రీమ్ సంస్థ వాడీలాల్‌లో కుటుంబ తగాదా 2017లో కంపెనీ లా ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. నాన్నగారి తర్వాత సంస్థ కొనసాగుతుందని, ఒకరు తప్పుకుంటే వాటా విలువ ఎలా కడతారని, బ్రాండు పేరు ఎవరిదని మీ పత్రంలో రాయించండి. యంత్రాలకు అడ్వాన్సు కట్టేలోపే ఈ పత్రం మీద ముగ్గురి సంతకాలూ పడాలి.