త్రీ వే కుళాయి కొనేముందు సింకు కింద చూడండి

ప్రశ్న: ఉప్పల్‌లో మా అపార్ట్‌మెంటుకు వాడకానికి బోరు నీళ్లు వస్తాయి. తాగడానికి గోడకు బిగించిన ఆర్‌వో ప్యూరిఫయర్ ఉంది. వాడుక నీళ్లు, ఫిల్టరు నీళ్లు రెండూ ఇచ్చే త్రీ వే కుళాయి పెట్టించి, ఈ ప్యూరిఫయర్‌నే దానికి కలపవచ్చా? లోపల రెండు నీళ్లూ కలిసిపోవా?

సమాధానం: కలపవద్దనే చెబుతాను. గోడ మీది ప్యూరిఫయర్‌లో శుద్ధి అయిన నీళ్లు మామూలు ప్లాస్టిక్ ట్యాంకులో నిలుస్తాయి. ట్యాప్ తిప్పినప్పుడు అవి తమ బరువుకే కిందికి జారతాయి తప్ప వెనక నుంచి తోసే ఒత్తిడి ఏదీ ఉండదు. అవే నీళ్లు పావంగుళం గొట్టంలో సింకు కిందికి దిగి, కుళాయిలో నీళ్లను వదిలి ఆపే ఇరుకైన కార్ట్రిడ్జ్ దాటి, వంపు తిరిగిన మెడలో మళ్లీ పైకి ఎక్కాలంటే ధార బాగా సన్నబడి, చెంబు నిండేదాకా నిలబడి ఉండాల్సి వస్తుంది. పైగా ట్యాంకుకు రంధ్రం చేస్తే వారంటీ పోయే ప్రమాదమూ ఉంది.

ఈ కుళాయికి సరిపడేది సింకు కింద అమర్చే ఆర్‌వో. దాని ఉక్కు ట్యాంకులో ఒక రబ్బరు సంచి ఉంటుంది. సంచికి అవతలి వైపు నింపిన గాలి నీళ్లను ఒత్తి పైకి పంపుతుంది. మొదటి గ్లాసు జోరుగా నిండి, ట్యాంకులో ఇంకా నీళ్లుండగానే ధార నీరసపడితే గాలి తగ్గినట్టు అనుమానించాలి. ఖాళీ ట్యాంకులో గాలి ఒత్తిడి సాధారణంగా 5 నుంచి 7 పీఎస్ఐ (టైర్ల గాలిని కొలిచే కొలతే) ఉండాలి.

ఇక కలిసిపోవడం గురించి. మంచి త్రీ వే కుళాయిలో తాగునీళ్ల కోసం మెడ లోపలే మరో సన్నని గొట్టం మూతి చివరిదాకా వెళుతుంది, దాని హ్యాండిల్ కూడా వేరుగా ఉంటుంది. దుకాణంలో కుళాయిని తిరగేసి మూతిని పరిశీలించండి: రెండు దారులూ విడివిడిగా కనిపించాలి. ఒకే జల్లెడలోంచి రెండూ వచ్చే రకమైతే, పాత్రలు కడిగాక మిగిలిన బోరు నీటి చుక్కలు మీ తాగే గ్లాసులోనే పడతాయి.

లోపలి గొట్టం దేనితో చేశారో తప్పక అడగండి. ఖనిజాలు తగ్గిపోయిన ఆర్‌వో నీళ్లు లోహాన్ని మామూలు నీళ్లకన్నా ఎక్కువగా తింటాయి, ఇత్తడిలో సీసం కలిసి ఉండవచ్చు. అమెరికాలో 2014 నుంచి నీళ్లు తగిలే భాగాల్లో సీసం సగటున 0.25 శాతం మించకూడదన్న చట్టం అమల్లో ఉంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దని నా విన్నపం. ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ గొట్టం గానీ, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గానీ ఉన్నదే తీసుకోండి.

గోడకున్న పాత కుళాయి స్థానంలో ఇది రాదు; గ్రానైట్‌కు చాలా మోడళ్లలో 35 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. గీజరు లైను లేకపోతే కుళాయికి ఉండే వేడినీళ్ల గొట్టానికి ఎండ్ ప్లగ్ (చివర మూత) వేయించండి. ఆర్‌వో వదిలేసే నీళ్లు ఇప్పుడు కళ్లెదుట బకెట్‌లో పడుతున్నాయి, సింకు కిందికి మారితే అవి చడీచప్పుడు లేకుండా డ్రైనేజీలో కలిసిపోతాయి. ఆ గొట్టాన్ని బాల్కనీలోని డ్రమ్ములోకి తీయించగలిగితే ఇల్లు తుడవడానికి పనికొస్తాయి.

ప్రశ్న: త్రీ వే కుళాయి పెట్టి ఆరు నెలలైంది. మొదట్లో 50 చూపిన టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ఇప్పుడు ఉదయం 140 చూపుతోంది. ఆర్‌వోలో లవణాలను ఆపే పొర, అదే మెంబ్రేన్, పోయినట్టేనా? (విజయవాడ)

సమాధానం: ఉదయపు మొదటి గ్లాసును బట్టి తేల్చకండి. రాత్రంతా ఆగి ఉన్న మెంబ్రేన్ గుండా కొన్ని లవణాలు శుద్ధ జలం వైపు చేరడం సహజమే. రెండు గ్లాసులు వదిలి మూడోది కొలవండి. అప్పుడూ 140 ఉంటే, ట్యాంకు వాల్వు మూసి, కుళాయికి వెళ్లే సన్నని గొట్టాన్ని ఊడదీసి, గ్లాసులో పెట్టి వాల్వు మెల్లగా తెరవండి. అక్కడా 140 వస్తే మెంబ్రేన్ చూపించాలి. అక్కడ 50 వచ్చిందంటే తప్పు కుళాయిది; రెండు దారుల మధ్య ఉండే రబ్బరు రింగు అరిగి వాడుక నీళ్లు ఇటు దూరుతున్నాయి. రింగు మార్పించేదాకా తాగునీళ్లు ఆ గొట్టం నుంచే పట్టుకోండి.