అడవికి పోయే ముందు ఒక లెక్కల పుస్తకం కొనుక్కో

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివా, వాయిస్ మెసేజ్ మాత్రం ఒక్కసారే విన్నా. ఉద్యోగం మానేసి అరకు వైపు ఎక్కడైనా గుడిసె వేసుకుని రెండేళ్ళు రాసుకుంటా అన్నావు చూడు, అక్కడికొచ్చేసరికి మళ్ళీ వినే ధైర్యం లేకపోయింది. రేపు మీ అమ్మ తిట్టేది నన్నే కదా, అమెరికా రచయిత థోరో తన అడవి కాపురం మీద రాసిన వాల్డెన్ పుస్తకం నీ చేతిలో పెట్టింది నేనే మరి.

ఈ జ్వరం నాకూ వచ్చిందిలే, నీ వయసులోనే, కాబట్టి ఎగతాళి చెయ్యట్లేదు. కాకపోతే ఆయన చేసిందేంటో ఒకసారి సరిగ్గా చూడు. 1845 జూలై 4న వాల్డెన్ చెరువు గట్టున కాపురం పెట్టాడు, అది అడవే గానీ కాంకర్డ్ ఊరికి మైలున్నర దూరం, సాయంత్రం నడుచుకుంటూ ఊళ్ళోకెళ్ళి కబుర్లు విని వచ్చేవాడు. స్థలం గురువుగారు ఎమర్సన్‌ది. గొడ్డలి అరువుది (తిరిగిచ్చేటప్పుడు ఇంకా పదును పెట్టి ఇచ్చానని గొప్పగా రాసుకున్నాడు కూడా). రైలు రోడ్డు పనిచేసే ఒక ఐరిష్ అతని పాక 4 డాలర్ల 25 సెంట్లకి కొని, పలకలు ఊడదీసి, ఎండబెట్టి, పదడుగుల వెడల్పు పదిహేనడుగుల పొడవు ఇల్లు కట్టుకున్నాడు, మేకులకెంత, సున్నానికెంత, తలుపు గడియకెంత అన్నీ వేసి మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అన్నాడు. ఆ అర సెంటు చూశావా? నన్నడిగితే ఆ పుస్తకమంతా ఆ అర సెంటు మీద నిలబడింది. సింపుల్‌గా బతకండి అని ఎవరైనా చెప్తారు, బతికితే ఎంతవుతుందో బిల్లు చూపించినవాడి మాట వింటాం.

ఇప్పుడు నీ వ్యాసం తియ్యి. ప్రకృతి ఒడిలో మనిషి తనని తాను తెలుసుకుంటాడు అని మొదలెట్టావు, సరే, ఏ చెట్టు కింద? నాలుగు పేజీల్లో ఒక్క చెట్టు పేరు లేదు, పక్షుల కిలకిలారావాలు మాత్రం మూడు చోట్ల ఉన్నాయి, ఏం పక్షులో అవి. నీకు ఎమర్సన్ గాలి సోకింది అంతే. ఆయన పెద్దాయన, 1832లో చర్చిలో పాస్టర్ పని వదిలేసి 1836లో ప్రకృతి మీద చిన్న పుస్తకం వేశాడు, దేవుడు నీలోనూ ఉన్నాడు చెట్టులోనూ ఉన్నాడు, మధ్యలో పూజారీ వద్దు పాత పుస్తకమూ వద్దు, నువ్వే సూటిగా తెలుసుకో అన్నాడు, ట్రాన్సెండెంటలిజం అని మనం నోరు తిరగని పేరు పెట్టి పిలుస్తున్నదాని సారం దాదాపు ఇదే. ఆయన పైనుంచి మాట్లాడతాడు, ఆయనకి చెల్లింది. నీకూ నాకూ చెల్లదు.

శిష్యుడు థోరో ఏం చేశాడో చూడు. వాల్డెన్ చెరువుకి అడుగే లేదని ఊళ్ళో నమ్మేవాళ్ళు, మన ఊళ్ళల్లో కోనేరు గురించి చెప్పుకుంటారే అలాగే. ఈయన 1846లో, చెరువు ఇంకా గడ్డకట్టి ఉండగానే, దిక్సూచీ కొలతల గొలుసూ పట్టుకుని దాని మీద నడిచి, మంచుకి కన్నాలు పెట్టి, తాడుకి రాయి కట్టి దింపాడు, ఒకచోట కాదు వందకి పైగా చోట్ల. ఎక్కువ లోతు 102 అడుగులు వచ్చింది. అప్పుడు రాశాడు, ఈ చెరువు ఇంత లోతుగా ఇంత నిర్మలంగా మనుషులకో ప్రతీకగా ఉన్నందుకు సంతోషం అని. ముందు తాడు దింపాడు, ప్రతీక సంగతి తర్వాత చూసుకున్నాడు. నువ్వు తాడు దింపకుండానే ప్రతీకలు రాశావు.

అన్నట్టు ఆయనేం మచ్చలేని వనదేవత కాదు, 1844లో స్నేహితుడితో కలిసి ఏటి పక్కన చేపలు వండుకుంటూ దాదాపు 300 ఎకరాల అడవి తగలబెట్టేశాడు. ఆరేళ్ళ తర్వాత గానీ డైరీలో దాని గురించి వివరంగా రాయలేకపోయాడు. నీ వ్యాసంలో నువ్వు చేసిన తప్పు ఒక్కటీ లేదు, అందరూ పాడుచేస్తుంటే నువ్వొక్కడివే ఏడుస్తున్నట్టుంది, చదివేవాడికి విసుగొస్తుందిరా.

ఉద్యోగం సంగతి. ఆయన గుడిసెకెళ్ళింది ఒక పుస్తకం రాసుకోవడానికే, కానీ అది వాల్డెన్ కాదు. 1839లో అన్న జాన్‌తో కలిసి పడవలో చేసిన ప్రయాణం గురించి. ఆ అన్న 1842లో గడ్డం గీసుకునే కత్తికి వేలు తెగి, ధనుర్వాతం వచ్చి పోయాడు. ఆ పుస్తకం 1849లో సొంత డబ్బు పూచీ పెట్టి వెయ్యి కాపీలు వేయిస్తే 1853లో పబ్లిషర్ 706 తిరిగి పంపాడు, అవన్నీ వీపు మీద మోసి మేడెక్కించి, నా లైబ్రరీలో ఇప్పుడు దాదాపు తొమ్మిది వందల పుస్తకాలున్నాయి, అందులో ఏడు వందల పైచిలుకు నేను రాసినవే అని డైరీలో రాసుకున్నాడు. నా మొదటి కథల పుస్తకం అట్టపెట్టెలు నా మంచం కింద ఎన్నేళ్ళున్నాయో నీకు తెలుసు, నువ్వు వాటి మీద కూర్చుని టీ తాగావు కూడా. ఆ రోజుల్లో నన్ను కాస్త నవ్వించింది ఈ వాక్యమే.

వాల్డెన్ మాత్రం, చెరువు దగ్గర మొదలైనా, 1847 సెప్టెంబర్‌లో గుడిసె వదిలాక ఏడేళ్ళకి, 1854లో గానీ బయటికి రాలేదు. ఏడుసార్లు తిరగరాశాడంటారు రాతప్రతులు చూసినవాళ్ళు. ఆ ఏళ్ళల్లో ఊళ్ళోనే ఉన్నాడు, ఇంట్లో వాళ్ళ పెన్సిళ్ళ తయారీ చూసుకుంటూ, డబ్బులకి భూములు కొలిచే సర్వేయర్ పని చేసుకుంటూ. అంటే గుడిసెలో రెండేళ్ళు, ఊళ్ళో ఏడేళ్ళు. నువ్వు మొదటి రెండే చూశావు.

ఇక నీ చివరి పేజీలో తిరుగుబాటు. థోరో 1846 జూలైలో రిపేరుకిచ్చిన చెప్పు తెచ్చుకుందామని బజారుకెళ్తుంటే జైలు చూసుకునే శామ్ స్టేపుల్స్ పట్టుకున్నాడు, బానిసత్వాన్ని కాచే ప్రభుత్వానికి తలపన్ను కట్టనని ఏళ్ళ తరబడి ఎగ్గొట్టాడు మరి, అప్పటికి మెక్సికో మీద యుద్ధం కూడా మొదలైంది. ఒక్క రాత్రి జైలు. ఎవరో పన్ను కట్టేశారు, పొద్దున్నే వదిలేశారు, ఈయన వెళ్ళి చెప్పు తొడుక్కుని, నలుగురితో కలిసి కొండ మీద హకుల్‌బెర్రీ పళ్ళు కోసుకోవడానికి పోయాడు. ఆ చెప్పు గురించి రాశాడు కాబట్టే ఆ జైలుని నమ్ముతాం. నువ్వు వ్యవస్థ, సంకెళ్ళు, నినాదం అని ఆశ్చర్యార్థకాలు పెట్టావు, ఎనిమిది లెక్కపెట్టా.

గాంధీగారు సత్యాగ్రహం థోరో దగ్గరే నేర్చుకున్నారన్న వాక్యం కొట్టెయ్. 1935లో మన తెలుగాయన పి.కోదండరావు గారికి రాసిన ఉత్తరంలో ఆయనే కాదన్నారు, ఆ జైలు గురించి థోరో రాసిన వ్యాసం తన చేతికొచ్చేసరికే దక్షిణాఫ్రికాలో పోరాటం బాగా ముందుకెళ్ళిందని. మెచ్చుకున్నారు, తన పత్రికలో వేశారు, అది వేరే సంగతి. పన్ను కట్టనన్న కథ కావాలంటే అంతదూరం ఎందుకు, మా చీరాలే ఉందిగా, 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టలేమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక జనం ఊరే ఖాళీ చేసి పదకొండు నెలలు రామ్‌నగర్ పాకల్లో ఉన్నారు. మా నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆవిడకి గుర్తున్నదల్లా రోలు మొయ్యలేక ఇంట్లోనే వదిలేశారని, రోటి పచ్చడి లేదని వాళ్ళ నాన్న రోజూ సణిగేవాడని. నేను ఇన్నేళ్ళూ దాని మీద ఉపన్యాసాలు రాశాను గానీ ఆ రోలు మీద కథ రాయలేదు, ఆ బాధ ఉంది.

మన వేదాంతమే ఎమర్సన్, థోరో ఎత్తుకెళ్ళారన్న పేరా కూడా వద్దు. థోరో గీత చదివాడు, విల్కిన్స్ 1785 ఇంగ్లీషు అనువాదంలో. కానీ ఏం చేశాడు? 1846-47 చలికాలంలో వందమంది కూలీలు వాల్డెన్ మంచు గడ్డలు కోస్తుంటే, ఈ ఐస్ ఓడెక్కి మద్రాసూ బొంబాయీ కలకత్తా పోతుంది, అక్కడ ఉక్కపోతలో ఉన్నవాళ్ళు నా బావి నీళ్ళు తాగుతారు, నా చెరువు గంగలో కలుస్తుంది అని ఊహించాడు. అమెరికా ఐస్ దాచిన ఐస్‌హౌస్ మద్రాసు బీచ్‌లో ఇప్పటికీ ఉంది, ఈసారి వెళ్తే చూడు. గీత ఆయనకి కోసిన మంచు గడ్డలో దొరికింది.

కాబట్టి రాజీనామా ఆపు. జీతం పడిన రోజు నుంచి నెల రోజులు లెక్క రాయి, అద్దె, స్విగ్గీ, ఈఎంఐ, అన్నీ, రూపాయి వదలకుండా. ఆఫీసు కిటికీలోంచి కనబడుతుందన్నావే ఆ చెట్టు, దాని పేరు వాచ్‌మన్‌ని అడుగు, పూత ఎప్పుడొచ్చిందో తారీఖు వెయ్యి. అవి రెండూ కలిపి పోస్టులో పంపు, ఫోన్‌లో చదివితే కళ్ళు లాగుతున్నాయి. మీ అమ్మకి నేనేం చెప్పలేదు.

అన్న