'యెస్' అంటే దేనికి యెస్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం అమెరికాలో ఓటు హక్కు తెచ్చుకున్న మనవాళ్లవే. అందరిదీ దాదాపు ఒకటే గోల: మనిషికి ఓటేయడం తెలుసు, బ్యాలెట్ మీద యెస్ లేదా నో అనమని అడిగే ఈ ప్రశ్నలకి ఓటేయడమే తెలియడం లేదని. కొన్ని కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: సిటిజన్‌షిప్ వచ్చాక 2024 నవంబరులో మొదటిసారి ఓటేశానండీ. అధ్యక్షుడికి వేయడం అర నిమిషం పని. తీరా మిగతాది చూస్తే రాష్ట్రం మొత్తానికి సంబంధించి పది ప్రపోజిషన్లు, అంటే ఓటర్లు తేల్చాల్సిన ప్రతిపాదనలు! మా ఆయనా నేనూ ఓటర్ల గైడు ముందేసుకుని రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. చివరికి విసుగొచ్చి మూడు ఖాళీగా వదిలేసి కవరు అంటించేశాను. నా ఓటు చెల్లినట్టేనా? (పాఠకురాలు, కాలిఫోర్నియా)

జవాబు: చెల్లిందమ్మా, టెన్షన్ పడకండి. ఖాళీగా వదిలిన ఆ మూడింటిలో మీ లెక్క ఉండదు, అంతే. మిగతావన్నీ లెక్కపెడతారు. నన్నడిగితే అర్థం కాని ప్రశ్నకి ఏదో ఒక గడి నింపేయడం కంటే అదే నయం.

మీరు అడగని సంగతి ఒకటి చెప్తాను, ఎందుకంటే నేనే అందులో పడబోయాను. రుచులు కలిపిన పొగాకు సరుకులు చాలావరకు అమ్మకూడదని కాలిఫోర్నియా శాసనసభ 2020లో చట్టం చేసింది. అది అమల్లోకి రాకముందే పొగాకు కంపెనీలు సంతకాలు పోగేసి దాన్ని ఓటర్ల ముందుకి లాగాయి. అదే 2022లో వచ్చిన ప్రపోజిషన్ 31, వాడుకలో ప్రాప్ 31. దీన్ని తెచ్చింది పొగాకు కంపెనీలు కదా, మనం వాళ్లకి వ్యతిరేకం కదా అనుకుని నేను 'నో' పక్కన గడి సగం నింపేశాను కూడా. మా అమ్మాయి పక్కనుంచి చూసి "నాన్నా, అసలు కింద ఏముందో చదివావా" అంటే అప్పుడు ఆగాను. చదివితే విషయం పూర్తిగా తిరగబడి ఉంది. శాసనసభ చేసిన చట్టం మీద జరిగే రెఫరెండంలో 'యెస్' అంటే ఆ చట్టం ఉండనీ అని, 'నో' అంటే తీసేయమని. ఓటర్ల దాకా తెచ్చింది ఎవరన్నదానితో దానికి సంబంధమే లేదు. బ్యాలెట్ పాడైందని ఎన్నికల ఆఫీసుకి ఫోన్ చేస్తే ఇంకోటి పంపారు, పరువు దక్కింది. ప్రాప్ 31 దాదాపు 63 శాతం ఓట్లతో నెగ్గింది, నిషేధం నిలిచింది.

మీ గైడులో ప్రతి ప్రపోజిషన్ దగ్గరా 'యెస్ ఓటు వేస్తే ఏమవుతుంది, నో వేస్తే ఏమవుతుంది' అని రెండు ముక్కలు ఉంటాయి. ముందు అవి చదివి, తర్వాత మిగతా వాదనల జోలికి వెళ్లండి. అప్పుడు పదకొండు దాకా కూర్చోనక్కర్లేదు.

ప్రశ్న: మా రాష్ట్రం డెమోక్రాట్లకి కంచుకోట అంటారు. మరి కనీస వేతనం పెంచే ప్రాప్ 32, అద్దె నియంత్రణకి దారి తీసే ప్రాప్ 33 రెండూ ఎలా ఓడిపోయాయి? ఓటర్లు మారిపోయారా? (పాఠకుడు, కాలిఫోర్నియా)

జవాబు: ఓటర్లు మారలేదు, అడిగిన ప్రశ్న వేరు. పార్టీకి ఓటేసే మనిషి, ప్రశ్నకి ఓటేసే మనిషి ఒకరే అయినా ఒకలా ఆలోచించరు. 2024లో కాలిఫోర్నియా డెమోక్రాట్ల అభ్యర్థి హారిస్‌కి 58 శాతం పైగా ఇచ్చింది. అదే బ్యాలెట్ మీద దొంగతనాలకీ కొన్ని డ్రగ్స్ నేరాలకీ శిక్షలు పెంచే ప్రాప్ 36కి 68 శాతం ఇచ్చింది. 2014లో ఇదే ఓటర్లు ప్రాప్ 47తో 950 డాలర్ల లోపు దొంగతనాన్ని చిన్న నేరంగా మార్చారు. పదేళ్లు తిరిగేసరికి షాపులో షాంపూ కొనాలన్నా బెల్ కొట్టి, తాళం తీసే మనిషి కోసం నిలబడాల్సి వస్తే ఎవరికైనా ఓపిక చస్తుంది. దీనికి ప్రాప్ 47 ఒక్కటే కారణమా అంటే అది వేరే వాదన, కానీ తాళం మాత్రం రోజూ కళ్లముందే ఉంది.

ప్రాప్ 32 గంటకి 18 డాలర్లు అడిగి, రెండు శాతం కూడా లేని తేడాతో ఓడింది. సరిగ్గా అదే రోజు ట్రంప్‌ని భారీగా గెలిపించిన మిస్సోరి రాష్ట్రం 15 డాలర్ల కనీస వేతనానికి 57 శాతం పైగా సరే అంది! పార్టీ రంగు చూసి ఫలితం చెప్పే జ్యోతిష్యం ఇక్కడ పనిచేయదు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ప్రాప్ 6. జైళ్లలో ఖైదీలతో బలవంతంగా పని చేయించకూడదని దాని సారాంశం. ఓటర్ల గైడులో దానికి వ్యతిరేకంగా వాదన రాసినవాళ్లే లేరు, అయినా 53 శాతం మంది కాదన్నారు. పక్కనే నెవాడాలో అదే ఏడాది దాదాపు అదే సవరణ 60 శాతంతో నెగ్గింది. అక్కడి ప్రశ్నలో 'బానిసత్వం' అన్న మాట ఉంది, ఇక్కడ అంత ఘాటైన మాట లేదు. తేడా అంతా ఆ ఒక్క మాటదే అనను, కానీ పెన్ను పట్టుకున్నప్పుడు ముందు కంటికి తగిలేది మాటే కదా.

ప్రశ్న: ఫ్లోరిడాలో అబార్షన్ హక్కు సవరణకి 57 శాతం వచ్చింది. మెజారిటీ వచ్చాక ఓడిపోవడం ఏమిటండీ, ఇదేం లెక్క? (పాఠకురాలు, ఫ్లోరిడా)

జవాబు: మీ కోపం అర్థమైంది. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంటుంది, ఫ్లోరిడాది మార్చాలంటే 60 శాతం రావాలి. అందుకే 2024లో మీరు చెప్పిన ఆ సవరణ, అమెండ్‌మెంట్ 4, ఓడింది. ఆ ఎన్నికలో ట్రంప్‌కి ఫ్లోరిడాలో వచ్చింది 56 శాతం, అది ఘన విజయం. ఈ సవరణకి అంతకంటే కాస్త ఎక్కువే వచ్చినా ఓటమే. గంజాయిని చట్టబద్ధం చేసే అమెండ్‌మెంట్ 3 కూడా అలాగే 56 శాతం దగ్గర ఆగిపోయింది.

అసలు తమాషా ఏమిటంటే, ఈ 60 శాతం నిబంధనని తెచ్చింది కూడా ఓటర్లే, 2006లో. అప్పుడు దానికి వచ్చింది 58 శాతం లోపు! అంటే ఆ నిబంధన తన పరీక్షలో తానే తప్పేది.

ఒహాయోలో ఇదే ఎత్తు వేయబోతే పారలేదు. 2023 నవంబరులో అబార్షన్ హక్కు మీద ఓటింగ్ రాబోతోందని తెలిసి, ఆగస్టులోనే ప్రత్యేక ఎన్నిక పెట్టి సవరణలకి 60 శాతం కావాలనే నిబంధన ముందుకి తెచ్చారు. ఎండాకాలం సెలవుల్లో ఎవరొస్తారులే అనుకున్నట్టున్నారు. జనం కదిలొచ్చి 57 శాతంతో కాదన్నారు. నవంబరులో హక్కుల సవరణ నెగ్గింది, వచ్చింది 57 శాతం లోపే. ఆగస్టు ఫలితం ఇంకోలా ఉంటే నవంబరుది ఓటమే అయ్యేది.

ప్రశ్న: మేము ఓటేసి గెలిపించుకున్న సిక్ లీవ్‌ని శాసనసభ తీసేసింది. అలా చేయొచ్చా? (పాఠకుడు, మిస్సోరి)

జవాబు: మీ రాష్ట్రంలో చేయొచ్చు. అందుకే మీరు ఓటేసింది మామూలు చట్టమా, రాజ్యాంగ సవరణా అన్నది ముందే చూసుకోవాలి. పైన చెప్పిన 15 డాలర్ల వేతనం, మీ సిక్ లీవ్ రెండూ ఉన్న ప్రపోజిషన్ A మామూలు చట్టం, కాబట్టి శాసనసభ దాన్ని మార్చగలిగింది. 30 గంటల పనికి ఒక గంట జీతంతో కూడిన సిక్ లీవ్ 2025 మే 1 నుంచి మొదలైంది. శాసనసభ బిల్లు పాస్ చేసింది, గవర్నర్ జులైలో సంతకం పెట్టారు, ఆగస్టు 28తో ఆ సెలవుకి చట్టం బలం పోయింది. నాలుగు నెలల ముచ్చట. 15 డాలర్ల జీతం మాత్రం నిలిచింది, కాకపోతే తర్వాత ధరల్ని బట్టి ఏటా పెరగాల్సిన భాగాన్ని కోసేశారు. అదే కాలిఫోర్నియా అయితే ఓటర్లు తెచ్చిన చట్టాన్ని శాసనసభ తనంతట తాను ముట్టుకోలేదు, ఆ చట్టమే అనుమతిస్తే తప్ప మళ్లీ ఓటర్ల దగ్గరికే రావాలి.

ప్రశ్న: డబ్బున్నవాడు ఏదైనా పాస్ చేయించుకుంటాడు కదా సార్, ఇంకెందుకు ఈ తతంగం? (పేరు రాయలేదు)

జవాబు: సగం నిజం. 2020లో కాలిఫోర్నియాలో యాప్ టాక్సీ, డెలివరీ కంపెనీలు 20 కోట్ల డాలర్లకి పైగా పోసి ప్రాప్ 22 నెగ్గించుకున్నాయి, డ్రైవర్లు ఉద్యోగుల కింద రాకుండా. కానీ 2022లో ఆన్‌లైన్ క్రీడా పందేల ప్రాప్ 27కి వెనక డబ్బు వరదలా పారినా 80 శాతం పైగా జనం ఛీ పొమ్మన్నారు. దాని పోటీ ప్రాప్ 26 కూడా ఓడింది. రెండింటి మీదా రెండు వైపులా కలిపి 40 కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చయింది. నేను గమనించిందేమిటంటే 'యెస్' అనిపించడం కష్టం, అనుమానం నాటి 'నో' అనిపించడం తేలిక. ఎటూ తేలనివాడు ఉన్నదే ఉండనీ అనుకుంటాడు.

ప్రశ్న: 2025 నవంబరులో అధ్యక్ష ఎన్నిక లేదు కదా అని ఓటుకి వెళ్లలేదు. ఏమైనా పోయిందా? పక్క రాష్ట్రాల్లోలాగా మనమూ సంతకాలు సేకరించి ప్రశ్న పెట్టొచ్చా? (పాఠకుడు, టెక్సస్)

జవాబు: రెండోది ముందు చెప్తాను. రాష్ట్రస్థాయిలో సంతకాల దారి టెక్సస్‌లో లేదు. శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మద్దతుతో పంపిన రాజ్యాంగ సవరణలే మీ ముందుకొస్తాయి. ఆ నవంబరులో అలా 17 వచ్చాయి, పదిహేడూ నెగ్గాయి. మీరు వెళ్లినా ఫలితం మారేది కాదనుకోండి. కానీ వాటిలో ఒకటి నేరుగా మీ ఇంటి గురించే: స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి మినహాయించే మొత్తాన్ని లక్ష డాలర్ల నుంచి 1,40,000కి పెంచారు. ఇంతకీ ఇల్లు కొన్నాక హోమ్‌స్టెడ్ దరఖాస్తు (సొంతంగా ఉండే ఇంటికి ఈ మినహాయింపు అడిగే కాగితం) పెట్టారా? పెట్టకపోతే ఓటర్లు పెంచిన ఆ మొత్తం మీ బిల్లులో ఎక్కడా కనబడదు, ముందు వెళ్లి ఆ కాగితం చూసుకోండి.