ఫోన్ మార్చక్కర్లేదు, ప్లేటును కిటికీ దగ్గరికి జరపండి

వంట ఎంత బాగా కుదిరినా ఫోటోలో పసుపుపచ్చగా, జిడ్డుగా వస్తోందని, ఎవరికైనా పంపితే ఇంకా మసకగా కనిపిస్తోందని, కొత్త ఫోన్ కొనాలా అని అడిగారు. కొనకండి. నేనూ చాలాకాలం ఇదే బాధ పడ్డాను.

ఒక రాత్రి వంటింటి లైటు కింద సూప్ గిన్నెను పదిహేనుసార్లు తీశాను. ప్రతి ఫోటోలోనూ గిన్నె మీద నా చేతి నీడ, సూప్ మధ్యలో బల్బు మెరుపు. మర్నాడు పొద్దున మిగిలిన సూప్ వేడిచేసి, కిటికీ పక్కన పెట్టి, లైట్లన్నీ ఆపేసి ఒక్కటంటే ఒక్కటే తీశాను. పైన తేలుతున్న ఆకు అంచులు, చిన్న చిన్న నూనె బొట్లు, సన్నగా లేస్తున్న ఆవిరి, అన్నీ కనిపించాయి. అదే ఫోన్, అదే సూప్!

వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ. పగటి వెలుతురు సుమారు 5500 కెల్విన్, పసుపు బల్బుది 2700 దగ్గర. రెండూ కలిసి పడితే ఏది అసలు తెలుపో ఫోన్ సరిగ్గా తేల్చుకోలేకపోతుంది. అందుకే పగలు కూడా లైట్లు ఆపమంటున్నాను. ఫ్లాష్ అసలు వద్దు. వెలుతురు పక్కనుంచి రావాలి. ఆవిరి కనపడాలంటే మాత్రం గిన్నె వెనకనుంచి రావాలి, ఆవిరి వెనక ముదురు రంగు ఉండాలి. నీడ మరీ నల్లగా పడితే కిటికీకి ఎదురువైపు ఒక తెల్ల కాగితం నిలబెట్టండి, చాలు. నేరుగా ఎండ పడుతుంటే పల్చటి తెల్ల కర్టెన్ వేయండి.

ముందు లెన్స్ తుడవండి. వంట చేసిన చేతులతో పట్టుకున్న ఫోన్ కదా, వేలిముద్ర జిడ్డు ఉంటే ఎంత మంచి కెమెరా అయినా మసకే. మరీ దగ్గరికి వెళ్ళకుండా, కాస్త వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేయండి. ప్లేటు అంచులు సాగినట్టు రావు, ఫోన్ నీడా పడదు. నేనైతే ఖాళీ ప్లేటుతోనే ఫ్రేమ్ సరిచూసుకుని, తర్వాత వడ్డిస్తాను. తినడానికి కూర్చున్నవాళ్ళను ఆకలితో ఎదురుచూసేలా చేయడం నాకు అస్సలు నచ్చదు.

ఇక పంపడం. వాట్సాప్‌లో హెచ్‌డీ ఎంచుకోండి. తీసింది తీసినట్టే వెళ్ళాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. అయితే కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, డాక్యుమెంట్‌తో పాటు మీ ఇల్లు ఎక్కడుందో కూడా వెళ్ళిపోతుంది. తెలియనివాళ్ళకు పంపే ఫోటోలు తీసేముందే అది ఆపేయండి.