ఫిల్టర్ పేపరుకు వేలు తగలనీయకు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

విశాఖలో వాయు కాలుష్యం కొలిచే ప్రాజెక్టులో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వారం రోజులుగా తూకాల గదిలోనే కూర్చోబెట్టారని నీకు చిన్నతనంగా ఉందట. అలా కూర్చోబెట్టినవారెవరో గానీ పని తెలిసినవారు. ముప్ఫై ఏళ్లు ఇదే పని చేశాను, నా తప్పుల్లో సగం ఆ త్రాసు దగ్గరే పుట్టాయి.

ఒక లెక్క చూడు. పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్న ధూళి. దాన్ని ఫిల్టర్ మీద పట్టే యంత్రం, శాంపిలర్, నిమిషానికి 16.67 లీటర్ల గాలి పీలుస్తుంది. రోజంతా నడిస్తే 24 ఘనపు మీటర్లు. మన దేశంలో 2009లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఈ ధూళి 24 గంటల సగటు ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. గాలి సరిగ్గా ఆ హద్దులో ఉన్న రోజున నీ ఫిల్టర్ మీద చేరే ధూళి ఎంతనుకున్నావు? 1.44 మిల్లీగ్రాములు. అంతే! చేత్తో పట్టుకుంటే నీ వేలిజిడ్డు కూడా ఊరి ధూళి ఖాతాలోకి పోతుంది. ఫోర్సెప్స్‌తో అంచు పట్టుకోవడం ముందు నేర్చుకో, మిగతావన్నీ తరువాత.

పీఎం 10, అంటే 10 మైక్రాన్ల లోపు ధూళి, దాన్ని పట్టే పెద్ద ఫిల్టర్ కాస్త నయం. నిమిషానికి 1.1 ఘనపు మీటర్ల చొప్పున 8 గంటలు నడిపితే, ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల ధూళి ఉన్న గాలిలో 53 మిల్లీగ్రాముల దాకా ధూళి వస్తుంది. దానికీ ఒక పేచీ ఉంది. గాజు నారతో చేసిన ఆ కాగితం పెళుసు, బిగించిన చోట అంచు రబ్బరుకు అతుక్కుపోతుంది. కొత్తలో ఒకసారి నేను దాన్ని లాగి తీశాను. ల్యాబులో తూస్తే వెళ్లినప్పటి కంటే బరువు తక్కువ! గాలిలో ధూళి మైనస్ అన్నమాట. మా పెద్దాయన ఏమీ అనకుండా ఆ శాంపిలర్ రబ్బరుకు అంటుకున్న తెల్లటి పోగుల్ని ఏరి నా అరచేతిలో పెట్టాడు.

సముద్రం పక్కన ఉన్నావు కాబట్టి తేమ సంగతి మరిచిపోవద్దు. ఫిల్టర్‌ను పంపే ముందూ, తెచ్చాకా ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే తేమలో 24 గంటలు ఉంచాకే తూకం వెయ్యి. వాడని ఫిల్టర్‌ను కూడా ఒకటి ఫీల్డుకు తీసుకెళ్లి తెచ్చి తూచు. దాని బరువు పెరిగిందంటే దోషం గాలిది కాదు, నీది.

వాయువుల పని కంటికి ఇంపుగా ఉంటుంది, రంగులొస్తాయి కదా. ఆ రంగు గాఢతను సల్ఫర్ డయాక్సైడుకు 560 నానోమీటర్ల కాంతి దగ్గర, నైట్రోజన్ డయాక్సైడుకు 540 దగ్గర చదువుతావు. కానీ మొదటిదాన్ని పట్టే ద్రావణంలో పాదరసం ఉంది, రెండోదానిలో ఆర్సెనిక్. మా రోజుల్లో పిపెట్టును నోటితో పీల్చేవాళ్లం. ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది. నువ్వు రబ్బరు బల్బు లేకుండా ముట్టుకోకు, మిగిలిన ద్రావణం సింకులో పొయ్యకు. సల్ఫర్ నమూనాలు ఎండలో పాడవుతాయి, ఐసు పెట్టెలోనే తెచ్చుకో. ఇంపింజర్ అంటే ద్రావణం గుండా గాలి బుడగలుగా పోయే గాజు గొట్టం. వేసవిలో 30 మిల్లీలీటర్లు పోసిన ఇంపింజర్‌లో ద్రావణం బాగా తగ్గిపోతుంది. తగ్గినంతా డిస్టిల్డ్ వాటర్‌తో గీత దాకా నింపాకే రంగు చూడు.

ఇక ఫీల్డు. శాంపిలర్ నోరు నేలకు 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో, చెట్లకూ గోడలకూ దూరంగా ఉండాలని చెప్పే ఉంటారు. ఎక్కాక కిందికి కూడా చూడు. ఒక మేడ మీద మేము వారానికి రెండు రోజులు నమూనాలు తీసేవాళ్లం, ఆ రెండు రోజులూ ఉదయం షిఫ్టులోనే ధూళి ఎగబాకేది. మోటారు విప్పాం, కార్బన్ బ్రష్షులు మార్చాం, ఫలితం లేదు. చివరికి ఒకరోజు నేనే ఆరింటికి వెళ్లి కూర్చుంటే, మేము వస్తున్నామని వాచ్‌మన్ పాపం ఆవరణంతా ఊడ్చి, ఆకులు పోగేసి నిప్పు పెడుతున్నాడు! మాకు మర్యాద చేస్తున్నాడు మరి. ఆ రీడింగులు మేము కొట్టేయలేదు. కారణం రాసి ఉంచాం.

ఫిల్టర్ నిండే కొద్దీ గాలి ప్రవాహం పడిపోతుంది. మొదట ఒకసారి, ఆపేముందు ఒకసారి రాసుకుని సగటు తీసుకో. కాలం మాత్రం చేతి గడియారంతో కాదు, యంత్రం మీదున్న టైమ్ మీటరుతో. కరెంటు పోయిన గంటలు దానికి తెలుస్తాయి, నీకు తెలియవు. నా తోటివాడొకడు గదిలో కూర్చుని ఒకరోజు షీటు నింపేశాడు, అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. ఆ రోజు ఆ పేట మొత్తానికి సాయంత్రం దాకా కరెంటు లేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ఫీల్డు పుస్తకం తెచ్చుకో. నేను చూసేది అంకెలు కాదు, చివరనున్న రిమార్కుల గడి. అక్కడ ఏమీ రాయకపోతే అరిసెలు నీకు పెట్టవద్దని అత్తయ్యకు ముందే చెప్పి ఉంచుతాను.

మీ మావయ్య